రిపోర్టులో అన్నీ ‘బీడీఎల్’ అని వచ్చాయి, మరి నది బాగున్నట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పరిశ్రమల కాలువ వచ్చి కలిసే చోటికి కాస్త దిగువన నదిలో ఒక బాటిల్ నీళ్లు పట్టి ల్యాబ్‌కి ఇచ్చారు, సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం అన్నిటి ఎదురుగా ‘బీడీఎల్’ అని రాసిచ్చారు, మరి ఆ నీళ్లు పొలానికి పెట్టొచ్చా, అందులో చేపలు తినొచ్చా, ఇన్నాళ్లూ జనం పడ్డ భయమంతా ఉత్తిదేనా అని. ల్యాబ్ వాళ్లు తప్పు రాశారని నేను అనడం లేదు. కానీ మీరడిగిన మూడింటిలో ఒక్కదానికి కూడా ఆ కాగితంలో జవాబు లేదు. ఆ రోజు, ఆ నిమిషంలో, ఆ బాటిల్లోకి వచ్చిన నీళ్లలో ఆ మిషన్ పట్టుకోగలిగినంత లోహం లేదు, అది చెప్పేది అంతవరకే. నది పరిస్థితి తెలుసుకోవాలంటే అడుగున ఉన్న బురద తియ్యాలి. ఎందుకో వరసగా చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు బీడీఎల్ సంగతి. డిటెక్షన్ లిమిట్ కంటే తక్కువ అని దాని అర్థం, సున్నా అని కాదు. ఆ లిమిట్ ఎంతో రిపోర్టులో రాశారా అని ఒకసారి చూడండి, చాలా రిపోర్టుల్లో ఉండదు. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే విలువలు లీటరుకి కాడ్మియం 3 మైక్రోగ్రాములు, సీసం 10, ఆర్సెనిక్ 10, మొత్తం క్రోమియం 50. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఫ్లేమ్ ఏఏఎస్ (శాంపిల్‌ని మంటలో పెట్టి లోహం కొలిచే మామూలు మిషన్) మీద శాంపిల్‌ని ఇగిర్చి చిక్కబరచకుండా నేరుగా పెడితే సీసం విషయంలో కొన్ని పదుల మైక్రోగ్రాముల కిందికి నమ్మకంగా దిగడం కష్టం. అంటే సీసం 30 ఉన్నా, తాగేనీటి హద్దుకి మూడు రెట్లు ఉన్నా, కాగితం మీద బీడీఎల్ అనే వస్తుంది! గ్రాఫైట్ ఫర్నేస్, ఐసీపీ-ఎంఎస్ లాంటి ఇంకా సున్నితమైన మిషన్లు అయితే ఒక మైక్రోగ్రాము కంటే కిందికి కూడా దిగొచ్చు. ఇక నదిలో బతికే జీవాల కోసం పెట్టే హద్దులు ఇంకా కిందుంటాయి. యూరోపియన్ యూనియన్‌లో నదుల్లో కరిగి ఉన్న కాడ్మియానికి ఏడాది సగటు హద్దు, నీటి కాఠిన్యాన్ని బట్టి, 0.08 నుంచి 0.25 మైక్రోగ్రాములు. లిమిట్ 10 ఉన్న మిషన్‌తో పరీక్ష చేసి ‘కాడ్మియం లేదు’ అనుకోవడంలో అర్థం లేదు.

దీనికి ఉల్టా తప్పు కూడా జరుగుతుంది, లేని లోహం ఉన్నట్టు రావడం. భూమి వయసు లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్‌కి ఆ పనిలో అన్నిటికంటే పెద్ద తలనొప్పి ల్యాబ్‌లోకి గాలితో, గిన్నెలతో వచ్చి చేరే సీసమే. ఆయన దుమ్ము చొరబడని గది కట్టుకుని మరీ పని చేశాక గానీ, సముద్రపు నీటిలో సీసం అంతకుముందు అచ్చయిన అంకెల కంటే ఎంతో తక్కువ ఉందని తేలలేదు. జింకు పూత పూసిన ఇనప బకెట్‌తో నీళ్లు తోడి అందులోంచి బాటిల్ నింపితే జింక్ వస్తుంది, అది నదిది కాదు, బకెట్‌ది. అందుకే ప్రతి ట్రిప్పులో ఒక ‘బ్లాంక్’ ఉండాలి, అంటే ల్యాబ్ నుంచి తెచ్చిన స్వచ్ఛమైన నీటిని అక్కడే గట్టు మీద, అదే బాటిల్, అదే ఫిల్టర్, అదే యాసిడ్ వాడి శాంపిల్ లాగే నింపి పంపడం. బ్లాంక్ లేని డేటాని నేనైతే పక్కన పెట్టేస్తాను.

నీళ్లు పట్టే పద్ధతిలో ఒక చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. శాంపిల్‌లో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించుతారు, లేకపోతే లోహం బాటిల్ గోడలకి అంటుకుపోయి ల్యాబ్‌కి చేరేసరికి నీటిలో మిగలదు. కానీ మీకు కావలసింది కరిగి ఉన్న లోహం అయితే ముందు 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, తర్వాత యాసిడ్ వెయ్యాలి. ఈ వరస తారుమారు చేసి ముందే యాసిడ్ వేస్తే నీటిలో తేలే మట్టి రేణువుల మీదున్న లోహం కూడా ఊడి నీటిలోకి వచ్చేస్తుంది, అంకె ఎక్కడికో పోతుంది. అసలు యాసిడే వెయ్యకుండా మామూలు నీళ్ల బాటిల్లో పట్టి రెండు రోజులు ఇంట్లో ఉంచి ల్యాబ్‌కి ఇస్తే, బీడీఎల్ రాకపోతేనే ఆశ్చర్యం. పాదరసానికి ఇంకా జాగ్రత్త కావాలి, అది మామూలు ప్లాస్టిక్‌లోంచి తప్పించుకుపోతుంది కూడా, గాజు గానీ టెఫ్లాన్ గానీ వాడాలి. ఆరు వేలెన్సీ క్రోమియం, అంటే క్రోమియంలో ఎక్కువ విషమైన రూపం, చూడాలంటే ఈ యాసిడ్ పద్ధతి అస్సలు పనికిరాదు, యాసిడ్ పడితే అది మూడు వేలెన్సీకి మారిపోతుంది. దానికి వేరే బాటిల్, వేరే పద్ధతి.

సరే, ఇవన్నీ పద్ధతిగా చేసినా నీళ్లు ఎందుకు మోసం చేస్తాయంటే, లోహాలు నీటిలో ఉండటానికి ఇష్టపడవు. సన్నటి బంకమట్టి, దాని మీద పొరలా పట్టే ఇనుము-మాంగనీస్ ఆక్సైడ్లు, కుళ్లిన ఆకూ అలమూ, వీటికి అంటుకుని అడుగుకి చేరతాయి. సీసం లాంటిదైతే కిలో మట్టిలో ఉండేది లీటరు నీటిలో కరిగి ఉన్నదానికి లక్ష రెట్లు ఉండటం మామూలే. దానికి తోడు వ్యర్థం రోజంతా ఒకేలా రాదు. ట్యాంకు నిండినప్పుడో, రాత్రిపూటో, వాన పడుతున్నప్పుడో ఒక్కసారిగా వదిలేస్తే ఆ నీళ్లు కొన్ని గంటల్లో దాటిపోతాయి, పగలు పదింటికి వెళ్లి పట్టిన బాటిల్‌కి ఆ సంగతే తెలియదు. బురద మాత్రం నది ఖాతా పుస్తకం లాంటిది, ఎప్పుడు వదిలినా కొంత అందులో జమ పడే ఉంటుంది.

బురద తియ్యడంలోనూ తెలివి కావాలి. ఒడ్డున చేతికందిన ఇసక తీసి పంపితే ఏమీ రాదు, ఇసక రేణువులకి లోహం పెద్దగా అంటదు. నీటి వేగం తగ్గే చోట్లు వెతకండి: వంపు లోపలి వైపు, చిన్న ఆనకట్ట వెనక, రెల్లు దుబ్బుల మధ్య. పైన రెండు మూడు సెంటీమీటర్ల మెత్తటి పొర ప్లాస్టిక్ గరిటెతో తియ్యాలి, స్టీలు తట్టతో కాదు. ఒక చోట నాలుగైదు గజాల పరిధిలో కొన్ని ముద్దలు తీసి కలిపితే ఒక శాంపిల్. ల్యాబ్‌లో 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన సన్నటి భాగంలోనే లోహాలు చూడమని చెప్పండి, లేకపోతే ఒక చోట ఇసక ఎక్కువ, ఇంకో చోట బంక ఎక్కువ ఉండి, ఆ తేడానే కాలుష్యం తేడా అనుకుంటారు. వీలైతే అల్యూమినియం కూడా కొలిపించండి, బంకమట్టి ఎంతుందో దాన్ని బట్టి సరిచూసుకోవచ్చు.

అంకె వచ్చాక దాన్ని దేనితో పోల్చాలి? ఇక్కడే చాలా థీసిస్‌లు బోర్లా పడతాయి. సాధారణంగా ‘సగటు షేల్’ (బంకమట్టి గట్టిపడి ఏర్పడే రాయి) విలువలు వాడతారు, 1961లో టురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చినవి: కిలోకి జింక్ 95 మిల్లీగ్రాములు, రాగి 45, సీసం 20, నికెల్ 68, క్రోమియం 90, కాడ్మియం 0.3. మట్టిలో లోహం సహజం కంటే ఎంత పేరుకుందో చెప్పడానికి ముల్లర్ 1969లో ఇచ్చిన జియో-అక్యుమ్యులేషన్ సూచిక ఉంది, వచ్చిన విలువని సహజ విలువకి ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తారు. మీ బురదలో జింక్ 760 వచ్చిందనుకోండి, 142.5తో భాగిస్తే 5.3, లాగ్ తీస్తే దాదాపు 2.4, అంటే ఒక మోస్తరు దాటి తీవ్రం వైపు వెళ్తున్న మూడో తరగతి కాలుష్యం. లెక్క తేలికే. చిక్కేమిటంటే ప్రపంచ సగటు మీ నదికి వర్తించాలని లేదు. పైన పరీవాహక ప్రాంతంలో అల్ట్రామాఫిక్ శిలలు (మెగ్నీషియం, ఇనుము ఎక్కువగా ఉండే రాళ్లు) ఉంటే ఒక్క ఫ్యాక్టరీ లేకపోయినా క్రోమియం, నికెల్ వందల్లో వస్తాయి. అందుకే ఎగువన, వ్యర్థాలు కలవకముందు, అదే రకం మెత్తటి బురద రెండు చోట్ల తీసిపెట్టుకోవాలి. ఎగువ శాంపిల్ లేని రిపోర్టు పట్టుకుని ఫ్యాక్టరీ మీదకి వెళ్తే వాళ్ల కన్సల్టెంట్ మొదట అడిగేది అదే, అడగడంలో తప్పు కూడా లేదు.

ఇంతవరకు ఎంత ఉందన్న లెక్క. ఏ రూపంలో ఉందన్నది అంతకంటే ముఖ్యం, మామూలు రిపోర్టులు దాని జోలికే పోవు. ఖనిజం లోపల బిగుసుకుపోయిన క్రోమియం వంద ఉన్నా చేపకి ఏమీ కాదు, రేణువు పైన వదులుగా అంటుకున్న కాడ్మియం రెండు ఉంటే అది కదులుతుంది. దీన్ని విడదీయడానికి టెస్సియర్ బృందం 1979లో ఐదు మెట్ల పద్ధతి ఇచ్చింది: ఒకే మట్టిని ముందు ఉప్పు ద్రావణంతో, తర్వాత బలహీనమైన యాసిడ్‌తో, అలా ఒకదాని తర్వాత ఒకటి గట్టి రసాయనాలతో కడుగుతూ ఏ మెట్టులో ఎంత లోహం ఊడిందో చూస్తారు. యూరప్‌లో దీన్నే కుదించి బీసీఆర్ పద్ధతి అని వాడతారు. మొదటి రెండు మెట్లలోనే సగం ఊడిపోతోందంటే టెన్షన్ పడాల్సిందే. చివరి మెట్టు దాకా రాకపోతే అది చాలావరకు రాయి నుంచి వచ్చినదే అనుకోవచ్చు.

పైగా ఈ రూపం శాశ్వతం కాదు. బురదలో ఆక్సిజన్ అయిపోతే, మురుగు ఎక్కువ కలిసే నదుల్లో ఇది రోజూ జరిగేదే, ఇనుము-మాంగనీస్ ఆక్సైడ్లు కరిగిపోయి వాటిని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ లాంటివి నీటిలోకి వదులుతాయి. అదే చోట సల్ఫైడ్ తయారై కాడ్మియం, సీసం, జింక్‌ని గట్టిగా కట్టేస్తుంది కూడా. తర్వాత ఎవరో పూడిక తీస్తామని ప్రొక్లెయినర్ దింపి ఆ నల్ల బురదని గాలికి ఆరబోస్తే సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది యాసిడ్ పుడుతుంది, కట్టేసి ఉన్న లోహాలు మళ్లీ విడుదలవుతాయి. పరీక్ష చేయించకుండా పారిశ్రామిక కాలువల పూడిక తీసి గట్ల మీద పోయడం, పొలాలకి ఎరువని తోలుకెళ్లడం, ఇంతకంటే చెడ్డ ఆలోచన ఇంకోటి నాకు కనపడదు.

నీళ్లు తేటగా ఉన్నాయి, రంగు లేదు, నురగ లేదు అన్నారు. దానికీ లోహాలకీ సంబంధం లేదు. రంగు అద్దకాల్లో వాడే డైలది, నురగ డిటర్జెంట్లది. గనుల్లో పైరైట్ అనే ఇనుము-గంధకం ఖనిజానికి గాలి, నీరు తగిలి పుట్టే యాసిడ్ నీళ్లు ఒక్కోసారి అద్దంలా ఉంటాయి, లోహాలు పూర్తిగా కరిగి ఉంటాయి కాబట్టి. కింద మంచి నీళ్లు కలిసి పీహెచ్ పెరిగాక గానీ ఇనుము నారింజ రంగులో రాళ్లకి పట్టదు. టీడీఎస్ మీటర్ పెట్టి చూశామన్నారు కదా, పైన చెప్పిన 30 మైక్రోగ్రాముల సీసం మీటర్ భాషలో 0.03 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), ఆ మీటర్ చూపించే అతి చిన్న అంకె 1.

ఫ్యాక్టరీలో శుద్ధి ప్లాంటు ఉంది కాబట్టి లోహాలు రావు అని ఫ్యాక్టరీ వాళ్లు చెప్పారన్నారు. ప్లాంటు ఉండొచ్చు, నడుస్తూ కూడా ఉండొచ్చు. మామూలుగా సున్నం గానీ కాస్టిక్ గానీ వేసి పీహెచ్ పెంచి లోహాలని హైడ్రాక్సైడ్లుగా దింపుతారు. మూడు వేలెన్సీ క్రోమియం సుమారు 8 దగ్గర బాగా దిగుతుంది, జింక్ 9 పైన, నికెల్ 10 పైన, కాడ్మియం ఇంకా పైన. పీహెచ్ మరీ పెంచితే ముందు దిగిన క్రోమియం, జింక్ మళ్లీ కరగడం మొదలుపెడతాయి. అంటే నాలుగు రకాల ఫ్యాక్టరీల నీళ్లు ఒకే ట్యాంకులో కలిపి ఒకే పీహెచ్ పెడితే ఏదో ఒకటి తప్పించుకుంటుంది. లోహపు పూత (ఎలక్ట్రోప్లేటింగ్) పరిశ్రమల నుంచి వచ్చే సయనైడ్, ఈడీటీఏ లాంటివి కలిస్తే లోహాన్ని వదలవు, సున్నం ఎంత పోసినా దిగదు. ఆరు వేలెన్సీ క్రోమియం సున్నానికి అసలు లొంగదు, ముందు పీహెచ్ 2-3 దగ్గర బైసల్ఫైట్‌తో మూడుకి దించి, ఆ తర్వాత సున్నం వెయ్యాలి. ఇన్ని మెట్లు దాటి దిగిన స్లడ్జ్, అంటే ట్యాంకు అడుగున మిగిలే లోహపు మడ్డి, ఎక్కడికి పోతోందన్నది ఇంకో ప్రశ్న. మీరు ప్లాంటు చూడటానికి వెళ్తే అడగాల్సింది నీళ్ల గురించి కంటే స్లడ్జ్ రిజిస్టర్ గురించి. లోహం ఎక్కడికీ ఆవిరైపోదు, నీటిలోంచి నిజంగా తీస్తుంటే నెలకి ఇన్ని బస్తాల స్లడ్జ్ కనపడి తీరాలి.

ఇక పొలం. ఒక హెక్టారుకి ఏడాదికి ఒక మీటరు లోతు నీళ్లు పెడితే పదివేల ఘనపు మీటర్లు. అందులో కాడ్మియం లీటరుకి 5 మైక్రోగ్రాములు ఉంటే, సాగునీటికి ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సూచించిన 10 కంటే అది తక్కువే, ఏడాదికి 50 గ్రాములు పొలంలోకి వస్తుంది. అంతా పైన 20 సెంటీమీటర్ల మట్టిలోనే ఆగిందనుకుంటే కిలో మట్టికి దాదాపు 0.02 మిల్లీగ్రాములు పెరిగినట్టు. చిన్నదే. ఇరవై ఏళ్లకి 0.4, అప్పటికి సహజంగా ఉన్నదాన్ని దాటేస్తుంది. జపాన్‌లో జింజూ నది కథ ఇదే. ఎగువన కమియోకా గనిలోంచి వచ్చిన కాడ్మియం సాగునీటితో వరి మళ్లలోకి, అక్కడి నుంచి బియ్యంలోకి వచ్చింది, ఎముకలు గుల్లబారి ‘ఇటాయ్-ఇటాయ్’, అంటే నొప్పి నొప్పి, అని జనం అల్లాడారు. ప్రభుత్వం 1968లో దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది, పొలాల్లో మట్టి బాగుచేసే పని 2012 దాకా సాగింది. వరి విషయంలో ఒక చిక్కుముడి ఉంది: మడిలో నీళ్లు నిలిపి ఉంచితే కాడ్మియం గింజలోకి తక్కువ వస్తుంది, ఆర్సెనిక్ ఎక్కువ వస్తుంది. ఆరగడితే సరిగ్గా తిరగబడుతుంది. అందుకని మీ మట్టిలో ఏది ఎక్కువో తెలియకుండా నీటి యాజమాన్యం మీద సలహా ఇవ్వలేను. ఆకుకూరలు కాడ్మియాన్ని బాగా లాగుతాయి, మట్టి ఆమ్లంగా ఉంటే ఇంకా ఎక్కువ. సీసం మాత్రం చాలావరకు వేరు దగ్గరే ఆగుతుంది, ఆకు మీద అంటిన దుమ్ముతో వచ్చేదే ఎక్కువ.

చేపల దగ్గర ఏ భాగం పరీక్ష చేశారన్నది ముఖ్యం. కాడ్మియం కాలేయం, మూత్రపిండాల్లో చేరుతుంది, కండలో పెద్దగా కనపడదు. మిథైల్ పాదరసం అలా కాదు, కండలోనే ఉంటుంది, చిన్న చేపని పెద్ద చేప తింటూ పోయేకొద్దీ చిక్కబడుతుంది. 1965లో జపాన్‌లోనే అగానో నది వెంట బయటపడ్డ రెండో మినమాటా వ్యాధి (మిథైల్ పాదరసం విషం వల్ల వచ్చే నరాల జబ్బు) నది చేపలు తినడం వల్ల వచ్చినదే. వ్యర్థం వదిలిన అసిటాల్డిహైడ్ ఫ్యాక్టరీ చాలా ఎగువన ఉంది. కాబట్టి పాదరసం అనుమానం ఉంటే వేరే చేపలని తిని బతికే పెద్ద చేప కండ పంపండి. రిపోర్టు పచ్చి బరువు మీదా, ఎండు బరువు మీదా అన్నది కూడా అడగండి, చేప బరువులో ముప్పావు పైన నీరే, రెండు లెక్కలకీ నాలుగైదు రెట్ల తేడా వస్తుంది, హద్దులేమో పచ్చి బరువు మీద ఉంటాయి.

ఇంట్లో తాగే నీటికి ఆ నదే ఆధారమైతే మరిగించడం వల్ల లోహాలు పోవు, నీరు తగ్గి కొంచెం చిక్కబడతాయి. క్లోరిన్, యూవీ పనిచెయ్యవు. ఆర్ఓ చాలావరకు తీస్తుంది, మూడు వేలెన్సీ ఆర్సెనిక్‌ని మాత్రం అంత బాగా పట్టదు.

డబ్బు ఐదారు శాంపిళ్లకే ఉందన్నారు. నేనైతే నీళ్ల మీద పెట్టను. ఎగువన రెండు, కాలువ నోటి దగ్గర ఒకటి, దిగువన నీరు నిలిచే మొదటి మడుగులో ఒకటి, ఇంకా దిగువన పొలాలకి నీళ్లు మళ్లే చోట ఒకటి, ఐదూ బురదే తీస్తాను, ఆరోదానికి వీలుంటే ఎప్పట్నుంచో ఆ నీళ్లు పారుతున్న మడిలో పైమట్టి. ఏ లోహాలు చూడాలన్నది పైన ఏ ఫ్యాక్టరీలు ఉన్నాయో చూసి తేల్చుకోండి. తోళ్ల శుద్ధి అయితే క్రోమియం, పూత పని అయితే క్రోమియం, నికెల్, జింక్, కాడ్మియం, బ్యాటరీలు అయితే సీసం, పాదరసం వాడే పాత పద్ధతి కాస్టిక్ సోడా ప్లాంటు ఎప్పుడైనా ఉండి ఉంటే, ఇప్పుడు మూతపడ్డా సరే, పాదరసం. వానలు మొదలవకముందు, నీళ్లు బాగా తగ్గిన రోజుల్లో తీయండి, వరద వచ్చి వెళ్లిన వెంటనే వద్దు, పై పొర కొట్టుకుపోయి కొత్త మట్టి పరుచుకుని ఉంటుంది. ప్రతి శాంపిల్‌లో సగం మాత్రమే ల్యాబ్‌కి ఇచ్చి మిగతా సగం నీడలో ఆరబెట్టి, తేదీ, చోటు రాసి, మూత గట్టిగా పెట్టి దాచండి. పాదరసం, ఆరు వేలెన్సీ క్రోమియం సంగతి పక్కన పెడితే, ఎండిన మట్టిలో మొత్తం లోహం ఏళ్లు గడిచినా మారదు, రేపు ఎవరైనా మీ అంకెలు నమ్మలేమంటే అదే మట్టిని ఇంకో ల్యాబ్‌కి పంపొచ్చు.